కామసాని ఏమని అడిగింది?

‘ముహ్తెషెం యూజ్‌యిల్’ అనే టర్కీ సీరియల్ 2011 జనవరిలో మొదలై 2014 జూన్ దాకా 139 భాగాలు నడిచింది. ఒక్కో భాగం ఒక సినిమా అంత. 16వ శతాబ్దపు ఒట్టోమన్ సుల్తాన్ సులేమాన్ కొలువు, అతని అంతఃపురం, బానిసగా వచ్చి పెళ్ళాడిన భార్యగా స్థిరపడిన హుర్రెం, ఇదీ కథ. చూసినవాళ్ళు బట్టల గురించి, నగల గురించి చెబుతారు. సులేమాన్ తన చేత్తో చేసిన పచ్చరాయి ఉంగరం గురించైతే మరీ చెబుతారు. ఆ ఉంగరానికి నకళ్ళు బజార్లలో కుప్పలుగా అమ్ముడుపోయాయి. (మన జనగామ పక్కనే పెంబర్తిలో ఇత్తడి రేకు మీద కొలువుకూటమంతా దించగల చేతులున్నాయి. వాటికి పని చెప్పే సీరియల్ ఇంకా రాలేదు.) నన్ను పట్టుకున్నది మాత్రం నగలు కాదు, రాతపని. రాజనగరి కథ రాయడం ఒక విద్య. దాని కిటుకు కుట్రలో ఉందని మనవాళ్ళు అనుకుంటారు. అది కట్టుబాటులో ఉందని నేనంటాను.

ఆ సీరియల్‌లో కుట్ర మొదలవక ముందే ఇంటి లెక్క మనకు అప్పజెబుతారు. కొత్తగా వచ్చిన బానిస పిల్లకు అంతఃపురపు పెద్దాడవాళ్ళు చెప్పే బుద్ధులే చూసేవాళ్ళకూ పాఠాలు. సుల్తాన్ చచ్చిపోతే కొడుకుల్లో ఒక్కడే గద్దె ఎక్కుతాడు. మిగతావాళ్ళు బతికి ఉంటే రాజ్యం చీలుతుంది కాబట్టి గద్దెక్కినవాడు అన్నదమ్ములను చంపించవచ్చు. రెండో మెహ్మెద్ పేరుతో ఉన్న శాసనమే అందుకు అనుమతి ఇచ్చింది. 1595లో మూడో మెహ్మెద్ పట్టాభిషేకమైతే 19 మంది సోదరుల శవాలు బయటికొచ్చాయి. భూమి అయితే పాలివాళ్ళు హద్దురాయి పాతుకుని పంచుకుంటారు, కోర్టుకైనా పోతారు. గద్దెకు హద్దురాయి ఉండదు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఒక దాసికి ఒక కొడుకు పుడితే ఆమె ఇక సుల్తాన్ పడకగదికి వెళ్ళదు. ఆ కొడుకును పెంచి, వాడు ఏదో సీమకు పాలకుడిగా వెళ్తే వాడి వెంట వెళ్ళి, వాడి ప్రాణానికి కాపలా ఉంటుంది. హుర్రెం ఈ రెండో కట్టుబాటును విరిచేసింది. ఒకరి తర్వాత ఒకరిని చాలామంది కొడుకులను కన్నది, ఇస్తాంబుల్ వదిలి కదలలేదు, సుల్తాన్‌తో నిఖా చేయించుకుంది. మొదటి కట్టుబాటు జోలికి మాత్రం ఆమె కూడా పోలేకపోయింది. అందుకే 1553లో ఇంకో దాసికి పుట్టిన పెద్దకొడుకు ముస్తఫాను తండ్రి తన గుడారంలోనే ఉరి బిగించి చంపించినప్పుడు చూసేవాడికి దుర్మార్గులెవరో వెతుక్కునే పని ఉండదు. ఒక తల్లి తన కొడుకు బతకాలని చూసింది, ఇంకో తల్లి కొడుకు పోయాడు. ఆ భాగం 2014లో ప్రసారమయ్యాక బుర్సాలోని ముస్తఫా సమాధి దగ్గరికి జనం బారులు తీరి పోయారట. దాదాపు 460 ఏళ్ళ నాటి చావుకు అంతమంది ఏడ్చారంటే దాని వెనక ఉన్న లెక్క వాళ్ళకు బాగా అర్థమైందన్నమాట.

ఇక్కడ ఎవరైనా అడగవచ్చు. ఆడవాళ్ళు ఆడవాళ్ళ మీద పన్నే పన్నాగాలు మన తెలుగు సీరియళ్ళలో కొరతా? సాయంత్రం ఆరు నుంచి పదిదాకా ఏ చానల్ తిప్పినా పాలగ్లాసులో ఏదో కలుపుతూ ఒక అత్తో, తోటికోడలో కనిపిస్తుంది, కెమెరా మూడుసార్లు ఆమె ముఖం మీదికి ఉరుకుతుంది. నిజమే. కానీ ఆమె ఎందుకు కలుపుతున్నదో మనకు తెలియదు. ఆస్తి కోసం అంటారు. ఆ ఆస్తి ఎవరి పేరున ఉంది, వీలునామా ఉందా లేదా, కోడలికి చట్టప్రకారం ఏం వస్తుంది, ఒక్క భాగంలోనైనా చెప్పరు. ఆమె చెడ్డది కాబట్టి చెడు చేస్తుంది, అంతే. పచ్చీసు పలక గీయకుండా గవ్వలు విసిరినట్టు ఉంటుంది ఆట. ఎవరు గెలిచినా ఒకటే, ఎవరు ఓడినా ఒకటే. టర్కీ సీరియల్‌లోనూ విషం ఉంది, చాటుమాటు మాటలున్నాయి, తలుపు సందుల్లో చెవులున్నాయి. అయితే పలక ముందే గీసి ఉంటుంది కాబట్టి ప్రతి గవ్వ పడ్డప్పుడూ గుండె దడదడలాడుతుంది.

మన చరిత్ర సినిమాకు వచ్చినా ఇదే జబ్బు. గుణశేఖర్ ‘రుద్రమదేవి’ 2015 అక్టోబరులో వచ్చింది. ఆడపిల్లను మగపిల్లవాడిగా పెంచిన రహస్యం చుట్టూ కథ తిరుగుతుంది. అది మంచి బీజమే. కానీ ఆ రహస్యం ఎందుకు అవసరమైందో లోతుగా తవ్వే తీరిక ఆ సినిమాకు లేదు, కత్తులకే కాలం సరిపోయింది. గద్దె కోసం రుద్రమ మీద తిరగబడిన హరిహరదేవుడు, మురారిదేవుడు అనే సవతి సోదరుల కథ 16వ శతాబ్దపు ఏకామ్రనాథుడి ‘ప్రతాపరుద్ర చరిత్రము’లో ఉంది. ఏ కాకతీయ శాసనంలోనూ వాళ్ళ పేర్లు లేవు. మన రచయితలకు వాళ్ళు ఎందుకంత ముద్దొచ్చారంటే వాళ్ళు సులువు. దుర్మార్గులు దొరికారు, ఇక లెక్కతో పనేముంది? అసలు లెక్క ఇంతకన్నా చిక్కగా ఉంది. రుద్రమ తండ్రి, కాకతీయ రాజు గణపతిదేవుడికి కొడుకుల్లేరు. తీరాంధ్రం మీదికి పోయి దివిసీమ అయ్యవంశాన్ని లొంగదీసుకుని ఆ ఇంటి ఆడబిడ్డలు నారమ్మ, పేరమ్మలను పెళ్ళాడాడు, వాళ్ళ సోదరుడు జాయపను సేనానిని చేశాడు. ఆ జాయపే తర్వాత ‘నృత్తరత్నావళి’ రాశాడు. ఒక కూతురు గణపాంబను కోట వంశం బేతరాజుకు ఇచ్చాడు. రుద్రమను నిడదవోలు చాళుక్య వీరభద్రుడికి ఇచ్చాడు. ఓరుగంటి అంతఃపురంలోకి అడుగుపెడితే గణపతిదేవుడు గెలిచిన సీమలన్నీ చీరలు కట్టుకుని, పసుపు కుంకుమలతో అక్కడ కూర్చుని ఉంటాయి. పుట్టింటి రాజ్యం పోయిన ఆడబిడ్డలు, అల్లుళ్ళయిన సామంతులు, వాళ్ళకు పుట్టిన మనవళ్ళు. వీళ్ళలో ఎవరికి గద్దె ఇచ్చినా మిగతా సీమలకు కోపం. కూతురికి ఇస్తే ఎవరికీ ఇవ్వనట్టు. శాసనాలు ఆమెను ‘రుద్రదేవ మహారాజు’ అన్నాయి. పట్టం ఆమెది, పేరు మగవాడిది. ఆమె కూడా కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుడిని దత్తు తీసుకుంది. ఇంత మంచి పలక గీసిపెట్టి ఉంటే, దాని మీద మనం గవ్వలకు బదులు కత్తులు విసురుకుంటున్నాం.

ఇదే పలక ఇంకా పాత రూపంలో జనగామ జిల్లాలో రాయి మీద ఉంది. గూడూరులో దొరికిన విరియాల వంశపు శాసనం 12వ శతాబ్దం తొలినాళ్ళది. తెలుగులో వృత్తపద్యాలు చెక్కిన పాత శాసనాల్లో ఒకటిగా సాహిత్య చరిత్రకారులు దాన్ని ఎత్తిచూపుతారు. పద్యాల గొడవ వాళ్ళకు వదిలేసి అందులో ఉన్న సంగతి చూడండి. విరియాల ఎఱ్ఱ అనే వీరుడు కొరవిసీమలో శత్రువును చంపి బొట్టు బేతరాజును నిలబెట్టాడు. కొరవి అంటే ఇవాళ వీరభద్రుడి గుడి ఉన్న మహబూబాబాద్ జిల్లా కురవి. ఎఱ్ఱ భార్య కామసాని కాకతి బేతరాజును పశ్చిమ చాళుక్య చక్రవర్తి దగ్గరికి తీసుకుపోయి, చూపించి, అతనికి అనుమకొండ సీమను ఇప్పించింది. కాకతి బేతరాజు అప్పటికి చిన్నవాడని చరిత్రకారులు అంటారు. ఆ తర్వాత మూడు వందల ఏళ్ళు నడిచిన కాకతీయ వంశం అనుమకొండలో కాలూనింది అలాగ. మొగుడు కొరవిలో కత్తితో ఒకణ్ణి గద్దెక్కించాడు, పెళ్ళాం మాటతో ఇంకొకణ్ణి. ఇంటిల్లిపాదికీ రాజులను నిలబెట్టడమే వృత్తి అన్నట్టుంది. టర్కీ సీరియల్‌లో ఈ పని ఒక ఆడది చేస్తే నేపథ్యంలో చీకటి సంగీతం మోగుతుంది. విరియాలవారు దాన్ని తమ వంశం గొప్పగా రాయి మీద చెక్కించుకున్నారు. గెలిచినవాడి ఇంట్లో కుట్ర అనే మాట వినపడదు, ఉపకారం అంటారు.

అంతఃపుర కథ ఆడవాళ్ళను కుట్రదారులుగా చూపించి కించపరుస్తుందనే వాళ్ళకు కూడా ఆ రాయే సమాధానం. హుర్రెంను మాయలాడి అన్నది ఆమె కాలపు గిట్టనివాళ్ళు, ఇస్తాంబుల్‌లో కూర్చుని ఊళ్ళోమాటలను ఉత్తరాలుగా రాసిన ఐరోపా రాయబారులు. ఒట్టోమన్ అంతఃపురం మీద లెస్లీ పీర్స్ 1993లో రాసిన పుస్తకం ఆ మాటలను పక్కకు తోసి, అంతఃపురం రాజ్యయంత్రంలో ఒక భాగమని పత్రాలతో చూపించింది. హుర్రెం పోలండ్ రాజుకు ఉత్తరాలు రాసింది, ధర్మసత్రాలు కట్టించింది. కట్టుబాటు చెప్పకుండా కుట్ర మాత్రమే చూపిస్తే ఆడది మాయలాడి అవుతుంది. కట్టుబాటు చెప్పి చూపిస్తే రాజకీయం తెలిసిన మనిషవుతుంది.

ఇంకో అభ్యంతరం పెద్దది. ఇలాంటి కథలు చరిత్రను చెడగొడతాయని. 2012 నవంబరులో అప్పటి టర్కీ ప్రధాని ఎర్దోగాన్ ఈ సీరియల్ మీద మండిపడ్డాడు. సులేమాన్ బతుకులో ముప్పై ఏళ్ళు గుర్రం మీదే గడిచాయని, ఇది తమ తాతల కథ కాదని అన్నాడు. గుర్రం మీద ఉన్నది నిజమే. కానీ గుర్రం దిగిన రోజులు కూడా ఉన్నాయి కదా, కొడుకులు పుట్టింది ఆ రోజుల్లోనే. చెడగొట్టడం అంటే మన ఘనులు ఏం తక్కువ తినలేదు. వేదం వేంకటరాయశాస్త్రి 1897లో ‘ప్రతాపరుద్రీయ నాటకం’ రాశాడు. తెలుగులో రాజనగరి పన్నాగం మీద అంత పకడ్బందీ నాటకం అంతకుముందు లేదు. రాజు ఢిల్లీ చెరలో ఉంటే మంత్రి యుగంధరుడు పిచ్చివాడి వేషం కడతాడు, ఓరుగంటిలో చాకలి పేరిగాడు రాజు వేషం వేస్తాడు, చివరికి మనమే గెలుస్తాం. నిజానికి 1323లో ఓరుగల్లు పడిపోయాక ఢిల్లీకి తీసుకుపోతుంటే ప్రతాపరుద్రుడు నర్మద ఒడ్డున కన్నుమూశాడని విలస తామ్రశాసనం చెబుతుంది. ఓటమిని గెలుపుగా మార్చడం ఎంత పెద్ద అబద్ధమో చెప్పక్కర్లేదు. అయినా ఆ నాటకం నిలిచింది. చాకలివాడు చాకలివాడి మాటే మాట్లాడతాడు, మంత్రి మంత్రి మాట మాట్లాడతాడు. ఎవరి స్థాయి ఏమిటో భాషతోనే పలక గీశాడు శాస్త్రి. సంఘటనల్లో అబద్ధం ఉండొచ్చు, కట్టుబాట్లలో అబద్ధం ఉండకూడదు. నా గీటురాయి అది. రుద్రమకు లేని ప్రియుణ్ణి అంటగట్టినా నేను మన్నిస్తాను. ఆమె కొలువులో సామంతుడు ఎప్పుడు లేచి నిలబడాలో తెలియకుండా రాస్తే మాత్రం మన్నించను.

ఇక ఆధారాల మాట. ఒట్టోమన్లకు దఫ్తర్ఖానాల నిండా కాగితాలున్నాయి, ఉత్తరాలున్నాయి. మనకు దానశాసనాలే గదా, వాటిలో గద్యాణాలనే నాణేలు, మర్తురుల్లో కొలిచిన పొలాలు, దేవుడి దీపానికి గొర్రెలు తప్ప ఏముంటాయి అని అడిగితే కొంతవరకు ఒప్పుకుంటాను. కాని దానశాసనం కూడా కొలువు సంగతులు చెబుతుంది. పాలంపేట శాసనం తీసుకోండి. అది ఇవాళ ములుగు జిల్లాలో ఉన్న రామప్ప గుడిది. 1213లో ఆ గుడి కట్టించిన సేనాని రేచర్ల రుద్రుడికి కాకతీయ రాజ్యభారాన్ని మోసినవాడనే బిరుదుంది. యాదవ రాజులతో యుద్ధాల్లో గణపతిదేవుడికి ముందు ఏలిన కాకతి రుద్రదేవుడు పోయాడు, అతని తర్వాత మహాదేవుడు పోయాడు, గణపతిదేవుడు వాళ్ళ చెరలో పడ్డాడు. గద్దె మీద రాజు లేడు, సైన్యం చేతిలో ఉంది. అలాంటి సమయంలో ఆ సేనాని గద్దెక్కలేదు. ఎందుకు? ధర్మబుద్ధి అని మన సినిమా ఒక్క డైలాగుతో తేల్చేస్తుంది. టర్కీ రచయితకు ఆ ‘ఎందుకు’ ఒక్కటి దొరికితే చాలు, ఏడాదికి సరిపడా భాగాలు రాస్తాడు. మిగతా సామంతులు అతణ్ణి ఒప్పుకునేవారా, యాదవులు గణపతిదేవుణ్ణి ప్రాణాలతో ఉంచుకున్నది ఏ బేరానికి, అసలు వదిలింది ఏ షరతుకు? చెరనుంచి వచ్చిన కుర్రరాజు తన గద్దెను కాపాడిన పెద్దమనిషి కళ్ళలోకి మొదటిరోజు ఎలా చూసి ఉంటాడు?  శాసనం ఒక్క పదం బిరుదు చెక్కి ఊరుకుంటుంది. ఆ పదం చుట్టూ ఉన్న ఖాళీయే రచయిత పొలం.

ఈ విద్య మనకు పరాయిది కూడా కాదు. దేవరుప్పుల మండలం అప్పిరెడ్డిపల్లి గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ తెచ్చిన చిందు యక్షగానంలో పాత్ర తన పేరు, తన కొలువు చెప్పుకున్నాకే కథలోకి దిగుతుంది. చూసేవాడికి ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరు ఎవరి ముందు వంగాలో తెలిసిపోతుంది. ఆ తర్వాత వంగనివాడు వచ్చినప్పుడు పందిరి కింద నిశ్శబ్దం. టీవీ మనకు చేసిన అన్యాయం ఏదైనా ఉందంటే ఆ పరిచయాన్ని కోసేసి నేరుగా పాలగ్లాసు దగ్గరికి పోవడమే.

ఎవరైనా నిజంగా కాకతీయుల సీరియల్ రాయదలిస్తే రుద్రమతో మొదలుపెట్టవద్దు. కామసానితో మొదలుపెట్టండి. చక్రవర్తి విడిది బయట గుర్రాల వాసన, లోపల కన్నడంలో మాటలు, కాపలావాళ్ళు నాలుగుసార్లు ఆపి పేరడిగిన ఒక సామంతుడి భార్య, పక్కన దుమ్ముకొట్టుకున్న కాళ్ళతో ఒక పిల్లవాడు. శాసనం ఆమె చూపించిందని, ఇప్పించిందని చెబుతుంది. ఏమని అడిగిందో చెప్పదు. బదులుగా చక్రవర్తికి ఏం మాట ఇచ్చిందో కూడా చెప్పదు. అనుమకొండకు తిరిగొచ్చే దారిలో ఆ మాట పిల్లవాడికి చెప్పిందా, వాడు పెద్దయ్యేదాకా దాచిందా?