మార్క్ హాడన్ ‘ది క్యూరియస్ ఇన్సిడెంట్’ నవల – ఆస్పర్గర్ నామం – వాచ్యం, ధ్వని: పరిశీలన

వ్యాససంగ్రహం:
మార్క్ హాడన్ 2003లో ప్రచురించిన ‘ది క్యూరియస్ ఇన్సిడెంట్ ఆఫ్ ది డాగ్ ఇన్ ది నైట్-టైమ్’ అనే ఆంగ్ల నవలను ఆస్పర్గర్ సిండ్రోమ్‌కు పరిచయ గ్రంథంగా చదవడం చాలాకాలంగా పరిపాటి అయింది. అలా చదివినప్పుడు నవలలోని భావగర్భితమైన ఘట్టాలు రోగలక్షణాల పట్టికగా కుదించుకుపోతాయి. వాచ్యార్థానికే కట్టుబడిన కథకుని మాటలలో నుండి ధ్వని ఎలా పుడుతున్నదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలక పదాలు: ఆటిజం, ఆస్పర్గర్, కథకుడు, ఉపమ, రూపకం, ధ్వని.

1. ఉపోద్ఘాతం
ఇంగ్లండులోని స్విండన్ పట్టణంలో ఉండే 15 ఏళ్ళ క్రిస్టఫర్ బూన్ ఒక రాత్రి పొరుగింటి కుక్క చచ్చిపడి ఉండడం చూస్తాడు. దానిని చంపినదెవరో తేల్చాలని పూనుకొని, తన పరిశోధనను పుస్తకంగా రాస్తాడు. ఆ పుస్తకమే ఈ నవల. అధ్యాయాలకు వరుస సంఖ్యలు ఉండవు. 2, 3, 5, 7, 11 అంటూ ప్రధాన సంఖ్యలే ఉంటాయి. కథలో ఎక్కడా ‘ఆస్పర్గర్’ అనే మాట రాదు. పుస్తకం అట్టమీది పరిచయ వాక్యంలో మాత్రం ఆ పేరు కనిపించింది. తన నవల ప్రత్యేకించి ఆస్పర్గర్ గురించి రాసినది కాదని రచయిత అనంతర కాలంలో స్పష్టం చేశాడు. అప్పటికే పాఠకులు అట్టమీది పేరుతోనే కథలోకి ప్రవేశించడానికి అలవాటు పడ్డారు.

2. పేరు – చరిత్ర
వియన్నా వైద్యుడు హాన్స్ ఆస్పర్గర్ 1944లో కొందరు బాలుర ప్రవర్తనను వర్ణిస్తూ ఒక వ్యాసం ప్రచురించాడు. 1981లో బ్రిటిష్ మనోవైద్యురాలు లోర్నా వింగ్ ‘ఆస్పర్గర్ సిండ్రోమ్’ అనే పేరును ప్రచారంలోకి తెచ్చింది. 1994లో అమెరికన్ మనోవైద్య సంఘం నిర్ధారణ గ్రంథంలో దానికి స్థానం లభించింది. 2013 నాటి అయిదవ కూర్పులో ఆ ప్రత్యేక విభాగం తొలగి, ‘ఆటిజం స్పెక్ట్రమ్’లో కలిసిపోయింది. నాజీ పాలనలో పిల్లలను హతమార్చిన ష్పీగెల్‌గ్రుండ్ కేంద్రానికి ఆస్పర్గర్ కొందరు పిల్లలను పంపిన వైనాన్ని చరిత్రకారుడు హెర్విగ్ చెక్ 2018లో వెలుగులోకి తెచ్చాడు. అంటే ఈ నవల ఆ పేరు బాగా చలామణిలో ఉన్న కాలపు రచన. పేరు గ్రంథాలలో నుండి తొలగిపోయింది, నవల నిలిచింది. కనుక దాని బలం ఆ పేరులో కాక మరెక్కడో ఉండాలి.

3. ఉపమ, రూపకం, అబద్ధం
క్రిస్టఫర్‌కు రూపకం అంటే గిట్టదు. అది అబద్ధమని అతని వాదన. ఉపమను మాత్రం అంగీకరిస్తాడు. ఒక పోలీసు ముక్కులోని వెంట్రుకలను రెండు చిట్టెలుకలతో పోల్చి, అది నిజంగా అలాగే కనిపించిందని సమర్థించుకుంటాడు. మన ఆలంకారికుల దృష్టితో చూస్తే ఈ వివేచన శాస్త్రీయమే. ఉపమలో ఉపమేయం, ఉపమానం వేరువేరుగా నిలిచి, ‘వలె’ అనే వాచకంతో పోలిక ప్రకటితమవుతుంది. రూపకంలో రెండింటికీ అభేదం ఆరోపితమవుతుంది. లేని అభేదాన్ని చెప్పడమే క్రిస్టఫర్‌కు అసత్యంగా తోస్తుంది. ‘కళ్ళు నెత్తికెక్కాయి’ అన్న మన జాతీయం వింటే అతడు నెత్తివైపే చూస్తాడు. లక్షణావృత్తిలోకి అడుగుపెట్టక అభిధలోనే నిలిచే కథకుడు అతడు.

ఈ అలంకార చర్చ కథావస్తువుతో ముడిపడి ఉంది. తల్లి గుండెపోటుతో ఆసుపత్రిలో మరణించిందని తండ్రి చెప్పాడు. ఆమె లండన్‌లో బ్రతికే ఉంది. ఆమె కొడుకుకు రాసిన ఉత్తరాలను తండ్రి దాచిపెట్టాడు. కుక్కను చంపినదీ అతడే. రూపకాన్ని సైతం అబద్ధమనే బాలుడు నిలువెత్తు అబద్ధంలో జీవిస్తున్నాడన్నమాట.

4. వాచ్యం నుండి ధ్వనికి
ఆ ఉత్తరాలు చదివిన ఘట్టం నవలకు ఆయువుపట్టు. క్రిస్టఫర్ ‘దుఃఖించాను’ అనడు. ముడుచుకొని పడుకున్నానని, కడుపు నొప్పి వచ్చిందని, కొంతసేపు ఏం జరిగిందో జ్ఞాపకం లేదని, వాంతి అయిందని చెబుతాడు. దుఃఖమనే మాట వాచ్యంగా లేకుండానే శోకం వ్యంగ్యమవుతున్నది. భావాన్ని దాని పేరుతో చెప్పినంత మాత్రాన రసం సిద్ధించదని ఆనందవర్ధనుడు చేసిన ప్రతిపాదనకు ఇంతకంటే చక్కని ఆధునిక ఉదాహరణ అరుదు. ఇదే ఘట్టాన్ని రోగనిర్ధారణ దృష్టితో చదివితే వాంతి ఒక లక్షణంగా, మౌనం భావరాహిత్యంగా మిగులుతాయి. సహృదయుడు ఉండవలసిన చోట పరీక్షకుడు కూర్చుంటాడు.

ఇతరుల మనసులోని నమ్మకాలను ఊహించే శక్తిని కొలిచే స్మార్టీస్ డబ్బా పరీక్ష కూడా నవలలో ఉంది. చిన్ననాడు క్రిస్టఫర్ అందులో తప్పాడు. అయితే కథ పొడవునా ఎదుటివాని మనసు చదవలేకపోయినది తండ్రి. అబద్ధం కొడుకును కాపాడుతుందని అతడు భ్రమించాడు. అవగాహన లోపం ఇరువైపులా ఉంటుందని ఆటిస్టిక్ పరిశోధకుడు డేమియన్ మిల్టన్ 2012లో ప్రతిపాదించిన సిద్ధాంతానికి ఈ కథ ముందే రూపమిచ్చింది.

5. పరిమితి
నవలకు లోపం లేకపోలేదు. క్రిస్టఫర్ గణితంలో అసాధారణ ప్రతిభావంతుడు. ఆటిజం అంటే గణిత మేధ అన్న జనసామాన్య భ్రమకు ఇది ఊతమిచ్చింది. టెంపుల్ గ్రాండిన్ 1995లో తన ఆలోచన చిత్రాలలో సాగుతుందని రాసి, ఆటిస్టిక్ వ్యక్తులందరూ అలాగే ఆలోచించరని తరువాతి కూర్పులో సవరించుకుంది. స్వానుభవంతో రాసిన రచయిత్రికే ఆ జాగ్రత్త అవసరమైనప్పుడు, కల్పిత పాత్ర ఒక్కటి స్పెక్ట్రమ్ మొత్తానికి ప్రాతినిధ్యం వహించజాలదు.

6. ముగింపు
దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం స్పెక్ట్రమ్ ఒకటి. అటువంటి విద్యార్థులు మన తరగతులలోనూ ఉంటారు. వారిని అర్థం చేసుకోవడానికి ఈ నవలను లక్షణ గ్రంథంగా బోధిస్తే, అధ్యాపకుడు విద్యార్థిలో క్రిస్టఫర్‌ను వెదుకుతాడు, కనిపించకపోతే విద్యార్థినే శంకిస్తాడు. కావ్యంగా బోధిస్తే, తక్కువ మాటల వెనుక, పొడి మాటల వెనుక నిండు అనుభవం ఉండగలదని గ్రహిస్తాడు. ఆ గ్రహింపే తరగతి గదిలో అక్కరకు వచ్చేది.