ఢిల్లీ కలం, లె రెడ్వీ కలం

మారిషస్ అంటే మనకు కోరంగి రేవు, ఓడలెక్కి చెరకు తోటలకు వెళ్లిన కూలీలు, ఉగాదికి సర్కారు సెలవు. అక్కడొక అధ్యక్షుడు ఉంటాడనీ, ఆయన కుర్చీ మన రాష్ట్రపతి కుర్చీకి దగ్గరి చుట్టమనీ చాలామందికి తట్టదు. చుట్టరికం ముహూర్తంలోనే ఉంది. మన జనవరి 26, 1930లో కాంగ్రెస్ జరిపిన పూర్ణ స్వరాజ్య దినం. వాళ్ల మార్చి 12, అదే ఏడు గాంధీ దండికి బయల్దేరిన రోజు. 1968లో స్వాతంత్ర్యానికి, 1992లో రిపబ్లిక్‌కూ వాళ్లు ఆ తేదీనే పెట్టుకున్నారు. కాకపోతే మనం గవర్నర్ జనరల్‌ను మూడేళ్లలో వదిలించుకున్నాం. వాళ్లకు ఇరవైనాలుగేళ్లు పట్టింది. ఆఖరి గవర్నర్ జనరల్ వీరాస్వామి రింగాడూయే తొలి అధ్యక్షుడయ్యారు కనుక, పదవి మారినా కూర్చున్న మనిషి మారలేదు.

ఇళ్లు కూడా అలాగే పాత దొరలవి. మనది వైస్రాయి కోసం కట్టిన 340 గదుల మేడ. లె రెడ్వీలోని వాళ్ల భవనాన్ని 1748లో ఫ్రెంచి గవర్నరు, రేవు మీద శత్రువు పడితే ఆడవాళ్లనూ పిల్లలనూ దాచడానికని కట్టించాడు.

అసలు తేడా ఆ ఇళ్లలోకి మనిషి వెళ్లే దారిలో ఉంది. మన రాష్ట్రపతికి పార్లమెంటు సభ్యులు, దేశమంతటి ఎమ్మెల్యేలు ఓటేస్తారు. 2022లో ఆ ఓటర్లు 4,809 మంది. మారిషస్‌లో ప్రధానమంత్రి పేరు ప్రతిపాదిస్తే డెబ్బై మందికి మించని జాతీయ సభ మెజారిటీతో ఎన్నుకుంటుంది, అంతే. 1969 లాంటి ఎన్నిక అక్కడ ఊహకందదు. ఇందిరాగాంధీ అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటేయమనడం, సంజీవరెడ్డి ఓడి గిరి గెలవడం, రెండో ప్రాధాన్యపు ఓట్లదాకా లెక్క సాగడం తెలుగు పాఠకుడికి నేను చెప్పాల్సిన కథ కాదు. మన దగ్గర అంతరాత్మను అడిగింది రాష్ట్రపతికి ఓటేసేవాళ్లను. అక్కడ ఆ ప్రశ్న వచ్చింది అధ్యక్షుడికే.

అది 2002 ఫిబ్రవరి. అమెరికాలో జంట టవర్లు కూలిన కొద్ది నెలలకే మారిషస్ ప్రభుత్వం ఉగ్రవాద నిరోధక బిల్లు తెచ్చింది. అనుమానితుణ్ని 36 గంటలపాటు లాయరుతో సహా ఎవరినీ కలవనీయకుండా ఉంచే వీలు అందులో ఉంది. దాదాపు పదేళ్లుగా అధ్యక్షుడిగా ఉన్న కాసమ్ ఉతీమ్ సంతకం పెట్టనన్నారు, రాజీనామా ఇచ్చారు. బాధ్యత ఉపాధ్యక్షుడు అంగిడి చెట్టియార్ మీద పడింది. ఆయనా సంతకం పెట్టలేదు, ఆయనా రాజీనామా ఇచ్చారు. వరసలో తర్వాతివాడు ప్రధాన న్యాయమూర్తి. అరిరంగ పిళ్లై కూర్చున్నారు, సంతకం చేశారు, బిల్లు చట్టమైంది.

ఈ వరస మనకు కొత్త కాదు. 1969 మేలో జాకిర్ హుస్సేన్ చనిపోయారు. ఆయన స్థానంలో పనిచేస్తున్న ఉపరాష్ట్రపతి గిరి పోటీకి దిగాలని జూలైలో తప్పుకున్నారు. రెండు కుర్చీలూ ఖాళీ కావడంతో ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా రాష్ట్రపతి భవన్‌కు వచ్చారు. అక్కడిలాగే ఇక్కడా న్యాయమూర్తే దిక్కయ్యాడు. అయితే మనాయన ఆ నెల రోజుల్లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్‌కు ఆతిథ్యమిచ్చారు. పిళ్లైకి మాత్రం ఇద్దరు పెద్దమనుషులు ముట్టుకోని కాగితం ఎదురైంది. న్యాయమూర్తిని ఆ ఇరకాటంలో పెట్టడం నాకు నచ్చదు గానీ, తప్పు ఆయనది కాదు.

మన రాష్ట్రపతుల్లో ఉతీమ్‌లా వెళ్లిపోయినవారు లేరు. 1975 జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ ప్రకటన మీద ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సంతకం పెట్టేశారు; స్నానపు తొట్టిలోంచి చెయ్యి చాపి సంతకం చేస్తున్నట్టు అబూ అబ్రహాం గీసిన కార్టూన్ అందుకే ఇప్పటికీ మాసిపోలేదు. 2005 మేలో మాస్కోలో ఉన్న కలాం అర్ధరాత్రి వేళ బిహార్ శాసనసభ రద్దుకు సంతకం చేశారు. సుప్రీంకోర్టు దాన్ని రాజ్యాంగ విరుద్ధమంది. రాజీనామా లేఖ రాసి పెట్టుకున్నాననీ, ప్రధాని మన్మోహన్ సింగ్ వద్దని బతిమాలారనీ ‘టర్నింగ్ పాయింట్స్’లో ఆయనే చెప్పుకున్నారు. లె రెడ్వీలో లేఖ బయటికి వెళ్లింది, ఢిల్లీలో సొరుగులోనే ఉండిపోయింది. కలాంను పిరికివాడనడానికి నాకు నోరు రాదు. ఆయన తప్పుకుంటే ప్రభుత్వమే ఊగేది. ఉతీమ్ వెళ్లినా ప్రభుత్వానికి చీమ కుట్టినట్టయినా లేదు. బరువున్న పదవి మనిషిని కట్టేస్తుంది, బరువులేని పదవి వదిలేస్తుంది.

అలాగని మన పద్ధతికి పదును లేదనుకోకూడదు. జైల్ సింగ్ 1986 నాటి పోస్టాఫీసు బిల్లును ఒప్పుకోలేదు, తిప్పి పంపలేదు, ఊరికే ఉంచేశారు. మన రాజ్యాంగం గడువు పెట్టకపోవడం ఆయనకు కలిసొచ్చింది. జనం ఉత్తరాలు విప్పి చూసే అధికారం ఇవ్వబోయిన ఆ బిల్లు చట్టం కాలేదు. ఉతీమ్ చేసింది గొప్ప పని, ఆయన వద్దన్న బిల్లు చట్టమైంది. జైల్ సింగ్ చేసినదాన్ని గొప్ప అనడానికి తటపటాయిస్తాం, కానీ బిల్లు ఆగింది.

2002లో ఆ బిల్లు తెచ్చిన ప్రధాని అనిరుద్ జగన్నాథ్. మిత్రపక్షంతో కుదిరిన ఒప్పందం మేరకు 2003లో ప్రధాని పదవి వదిలి, ఉతీమ్ ఖాళీ చేసి వెళ్లిన భవనంలోకే అధ్యక్షుడిగా వచ్చారు. మన ప్రధానులెవరూ రాష్ట్రపతి కాలేదు. రాష్ట్రపతి భవన్ నుంచి మళ్లీ ఎన్నికల్లోకి వచ్చినవారూ లేరు, అది రాజకీయ జీవితానికి ఆఖరి మజిలీ. అక్కడ అది మజిలీల్లో ఒకటి. 2012లో జగన్నాథ్ అధ్యక్ష పదవికి రాజీనామా ఇచ్చి మళ్లీ రాజకీయాల్లోకి దిగారు. 2014 చివరి ఎన్నికల్లో నవీన్ రామ్‌గులామ్, పాల్ బెరాంజే చేతులు కలిపి, జనమే నేరుగా ఎన్నుకునే, అధికారాలుండే అధ్యక్షుణ్ని తెస్తామన్నారు. ఆ కూటమి ఓడింది. ఓడించి ప్రధాని అయినవాడు, అధికారాల్లేని ఆ కుర్చీలో ఎనిమిదేళ్లకు పైగా కూర్చుని లేచిన జగన్నాథే.