పూర్వపక్షం నిలబెట్టే విద్య

రెండు దర్శనాలను పక్కపక్కన పెట్టి తూచాలంటే ముందు ఎదుటి దర్శనాన్ని దాని పక్షాన నిలబడి చెప్పగలగాలి. భారతీయ శాస్త్రగ్రంథాల్లో ఈ పనికి పూర్వపక్షమని పేరు. ఖండించబోయే మతాన్ని దాని బలమంతటితో నిలబెట్టడం, ఆ తర్వాత దోషం చూపడం, ఆపైన సిద్ధాంతం చెప్పడం, ఇదీ వరస. గ్రీకులు, అరబీలో రాసిన పండితులు, లాటిన్ క్రైస్తవులు, టిబెటన్లు కూడా ఈ విద్యను తమ తమ తీరులో సాధించారు. దాన్ని నియమాలుగా బిగించడంలో మాత్రం న్యాయదర్శన పండితులైన నైయాయికులదే పైచెయ్యి.

గౌతముడి న్యాయసూత్రాలు ఎప్పటివన్న చర్చకు అంతులేదు; క్రీస్తు శకం తొలి శతాబ్దాల్లో ఇప్పటి రూపానికి వచ్చాయని చాలామంది అంటారు. అవి లెక్కపెట్టిన 16 పదార్థాల్లో సగానికి పైగా చర్చకు పనికొచ్చేవే. సత్యం తేల్చుకోవడానికి గురుశిష్యులో సహాధ్యాయులో చేసేది వాదం. గెలుపు కోసం చేసేది జల్పం. తన పక్షమంటూ ఏదీ నిలపకుండా ఎదుటివాడిది పడగొట్టేది వితండం. ఓటమి ఖాయమయ్యే సందర్భాలు, అంటే నిగ్రహస్థానాలు, 22. వాటిలో అననుభాషణం అనేదొకటి ఉంది. ప్రతివాది మాటను మూడుసార్లు చెప్పినా, సభకు అది అర్థమైనా, ఎదుటివాడు దాన్ని తిరిగి చెప్పలేకపోతే ఓడినట్టే. జవాబు ఎంత గొప్పదైనా లెక్కలోకి రాదు. అలాగని మాట్లాడేవాడికీ మినహాయింపు లేదు: మూడుసార్లు చెప్పినా సభకూ ప్రతివాదికీ అంతుపట్టని మాట చెప్పినవాడు అవిజ్ఞాతార్థమనే దోషం కింద ఓడతాడు. ఈ రెండు నియమాలనూ పక్కపక్కన చదివినవాళ్లకు ఆ సూత్రకారుడి మీద గౌరవం పెరగక మానదు.

వైద్యులకూ ఈ విద్య అవసరమని చరక సంహిత విమానస్థానం చెబుతుంది; స్నేహంగా జరిగే సంభాష వేరు, పోటీకి దిగే సంభాష వేరు అని అందులో విభజన ఉంది. గ్రీకు వంశపు రాజు మినాండరు, భిక్షువు నాగసేనుడు మాట్లాడుకున్నట్టు సాగే మిలిందపన్హలో మరింత చక్కని ఘట్టం ఉంది. చర్చ పండితుల పద్ధతిలో అయితేనే తాను మాట్లాడతానని, రాజుల పద్ధతిలో అయితే మాట్లాడనని నాగసేనుడు షరతు పెడతాడు. పండితులు ఒకరినొకరు చిక్కుల్లో పెట్టుకున్నా, తప్పు ఒప్పుకోవలసి వచ్చినా కోపగించుకోరు. రాజుకు ఎదురు చెబితే శిక్ష పడుతుంది. రాజు షరతుకు ఒప్పుకున్నాకే సంభాషణ ముందుకు కదులుతుంది.

గ్రీకుల విషయానికొస్తే అరిస్టాటిల్ 'టాపిక్స్' ఎనిమిదో భాగంలో ప్రశ్నించేవాడికీ జవాబిచ్చేవాడికీ వేరువేరుగా నియమాలు రాశాడు. మరో గ్రంథంలో 13 రకాల మోసపు తర్కాలను పేర్చాడు. వాటిలో మొదటిది ఒకే మాటకున్న రెండర్థాలతో ఆడుకోవడం. నైయాయికులు వాక్ఛలమన్నది అదే. ప్లేటో సంభాషణల్లో మాత్రం సోక్రటీసు ఎదుట కూర్చున్నవాళ్లు చాలాచోట్ల తలూపడానికే వచ్చినట్టు ఉంటారు. నైయాయిక సభలో అలాంటి ప్రతివాదికి ఆసనం కూడా దక్కేది కాదు. అయితే 'థియటీటస్' ఈ నింద మొత్తాన్నీ తుడిచేస్తుంది. మనిషే అన్నిటికీ కొలత అన్న ప్రొటాగరస్ అప్పటికి చనిపోయాడు. ఆయన వాదాన్ని కాచుకునేవాళ్లు లేరని సోక్రటీసే ఆయన గొంతుతో సుదీర్ఘంగా సమాధానం చెబుతాడు, అదీ తనను తానే తిట్టుకుంటూ. పూర్వపక్షానికి ఇంతకంటే మంచి నమూనా యూరప్‌లో దొరకడం కష్టం.

దొరికితే అది పదకొండో శతాబ్దపు ఆన్సెల్మ్‌లో దొరుకుతుంది. దేవుడున్నాడని ఆయన చెప్పిన తర్కాన్ని గానిలో అనే సాటి సన్యాసి ఖండించాడు. ఆన్సెల్మ్ ఆ ఖండనను, దానికి తన జవాబును తన పుస్తకంతోనే కలిపి ప్రతులు రాయాలని కోరాడు. థామస్ అక్వినాస్ 'సుమ్మా థియోలాజికా' కట్టడమంతా ఇదే పద్ధతి: ముందు ఆక్షేపాలు, తర్వాత తన మాట, చివర ఒక్కో ఆక్షేపానికీ విడివిడిగా జవాబు.

అల్ గజాలీది వేరే స్థాయి. తత్త్వవేత్తలను ఖండించడానికి పూనుకున్న ఆ పండితుడు ముందుగా వాళ్ల సిద్ధాంతాలను వివరిస్తూ ఒక పుస్తకం రాశాడు. పన్నెండో శతాబ్దంలో అది లాటిన్‌లోకి వెళ్లింది. ఖండించడానికే ఇదంతా వివరిస్తున్నానన్న ముందుమాట లేని ప్రతులే ఎక్కువగా చేతులు మారడంతో లాటిన్ పండితులు ఆయన్నే ఆ తత్త్వవేత్తల్లో ముఖ్యుడైన ఇబ్న్ సీనా శిష్యకోటిలో వేసేశారు. శత్రువు మతాన్ని చెబితే ఆ మతస్థుడే చెప్పాడని జనం పొరబడటం ఈ విద్యలో ఏ బిరుదుకూ తీసిపోదు. ఆయన ఖండనకు ఇబ్న్ రుష్ద్ జవాబు రాసినప్పుడు గజాలీ వాక్యాలను ముక్క ముక్కగా ఎత్తి చూపుతూ సాగాడు.

దర్శనాలను పోల్చడంలో అసలు రుచి ఒకే చిక్కు రెండు చోట్ల పుట్టినప్పుడు తెలుస్తుంది. వస్తువులను ప్రమాణాలతో తెలుసుకుంటాం సరే, ఆ ప్రమాణాలను దేనితో తెలుసుకుంటాం? ఈ ప్రశ్నను 'విగ్రహవ్యావర్తని'లో బౌద్ధ దార్శనికుడు నాగార్జునుడు వేశాడు. మరో ప్రమాణంతో అంటే దానికింకొకటి కావాలి, అనవస్థ. ఏదీ అక్కర్లేదంటే ప్రమాణం లేనిదే ఏదీ సిద్ధించదన్న ప్రతిజ్ఞ పోయింది. నిప్పు తనను తాను వెలిగించుకున్నట్టు అంటే, నిప్పు ముందు చీకట్లో ఉండి తర్వాత వెలిగిందా? పోనీ, తెలుసుకునే వస్తువులతోనే, అంటే ప్రమేయాలతోనే, ప్రమాణాలు సిద్ధిస్తాయంటే తండ్రి కొడుకును కన్నాడా, కొడుకు తండ్రిని కన్నాడా తేలదు. ఇంచుమించు ఆ కాలంలోనే గ్రీకులో రాసిన సెక్స్టస్ ఎంపిరికస్ ఇలాంటి ఉచ్చునే పన్నాడు: అంతులేని పరంపర, చక్రంలా తిరగడం, ఊరికే ఒప్పేసుకోవడం. గ్రీకు సంశయవాదానికి ఆద్యుడైన పిర్రో అలెగ్జాండరు వెంట భారతదేశం వచ్చి ఇక్కడి దిగంబర మునులను చూశాడని ఒక గ్రీకు చరిత్రకారుడు చెప్పిన మాటను పట్టుకుని, ఇదంతా ఇక్కడి నుంచి వెళ్లిన సరుకేనని కొందరు తేల్చేస్తారు. ఆ ఒక్క మాట అంత బరువు మోయలేదు. పైగా గమ్యాలు వేరు. సెక్స్టస్ తీర్పు ఆపేసి, కనిపించిన దాన్నిబట్టి ప్రశాంతంగా బతకమంటాడు. నాగార్జునుడికి అది శూన్యతా దర్శనానికి దారి.

ఈ చిక్కుకు న్యాయసూత్రాల జవాబు తక్కెడ. బంగారాన్ని తూచేటప్పుడు రాయి ప్రమాణం. ఆ రాయి మీదే అనుమానం వస్తే బరువు తెలిసిన బంగారంతో రాయిని తూస్తారు. అప్పుడు రాయి ప్రమేయం, బంగారం ప్రమాణం. ఏదీ శాశ్వతంగా న్యాయమూర్తి పీఠం మీద కూర్చోదు. అనుమానం వచ్చినచోట పరీక్ష చేస్తారు, రానిచోట పని సాగుతుంది. కంసాలి కొట్టులోంచి తెచ్చిన ఈ దృష్టాంతం ముందు సంశయవాదుల నైపుణ్యమంతా కాస్త వెలవెలబోతుందనడం నైయాయిక పక్షపాతమే కావచ్చు. అయినా ఆ పక్షపాతానికి కారణం ఉంది.

ఈ విద్యలో వాచస్పతి మిశ్రుడి పేరు చెప్పకపోతే నేరం. న్యాయం, సాంఖ్యం, యోగం, మీమాంస, అద్వైతం, ఏ శాస్త్రానికి వ్యాఖ్య రాస్తే ఆ శాస్త్రపు మనిషిగానే రాశాడు. అద్వైత వ్యాఖ్యకు భార్య పేరే పెట్టి 'భామతి' అన్నాడని కథ. బౌద్ధుల్లో శాంతరక్షితుడి 'తత్త్వసంగ్రహం' 3,600కు పైబడిన శ్లోకాల గ్రంథం. ప్రతిపక్షి అయిన మీమాంసకుడు కుమారిలుడి మాటలను ఎంత యథాతథంగా ఇచ్చాడంటే, అలభ్యమైపోయిన కుమారిలుడి 'బృహట్టీక' శ్లోకాలు ఎన్నో ఆ ఖండనలోనే బతికాయి. చార్వాకులకు ఈ అదృష్టం పట్టలేదు. వాళ్ల గ్రంథాలు దాదాపు అన్నీ పోయి, మాధవుడి 'సర్వదర్శనసంగ్రహం' వంటి చోట్ల ప్రత్యర్థుల పూర్వపక్షమే మిగిలింది. అది ఎంత నిజాయితీగా చెప్పినా సొంతవాళ్ల గొంతు కాదు.

టిబెటన్ మఠాల్లో ఈ పని నేటికీ ఒళ్లు కదిలించి చేస్తారు. కర్ణాటకలోని బైలకుప్పె, ముండగోడు మఠాల ఆవరణల్లో జవాబిచ్చేవాడు నేల మీద కూర్చుంటాడు. ప్రశ్నించేవాడు నిలబడి, కాలు నేలకు తాటించి, అరచేతులు చరిచి ప్రశ్న విసురుతాడు. జవాబుకు ఉన్న మాటలు కొన్నే: ఒప్పుకుంటున్నాను, హేతువు సిద్ధించలేదు, వ్యాప్తి లేదు, ఎందుకు? ఉపన్యాసానికి తావులేదు. బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి తర్కం పుట్టిన దేశంలో మిగతా చోట్ల పుస్తకాల్లోకి చేరితే, ఈ మఠాల్లో అరుపుల్లో చప్పట్లలో బతుకుతోంది.

ఆధునిక కాలంలో ఈ పోలిక విశ్వవిద్యాలయాల పని అయ్యింది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసి, 1936లో ఆక్స్‌ఫర్డ్ స్పాల్డింగ్ పీఠం ఎక్కిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గొప్ప వక్త, గొప్ప రచయిత. కానీ ఆయన చేతిలో ప్రతి దర్శనమూ అద్వైతానికి మెట్టుగా మారుతుంది. మెట్టు ఎదురు మాట్లాడదు. తర్వాత అదే పీఠంలో కూర్చున్న బిమల్ కృష్ణ మతిలాల్ వేరే దారి పట్టాడు. 1986 నాటి 'పర్సెప్షన్'లో నైయాయికులనూ బౌద్ధులనూ నేటి పాశ్చాత్య తార్కికులతో సమాన స్థాయి వాదులుగా కూర్చోబెట్టాడు. తత్త్వవేత్తలు దయాకృష్ణ, రేగే వంటివారు 1983లో పుణెలో చేసిన ప్రయోగం ఇంకా సాహసం: రసెల్ ప్రతిపాదన సిద్ధాంతాన్ని సంస్కృతంలో పెట్టి సంప్రదాయ పండితుల ముందుంచారు. బదరీనాథ శుక్ల అనే నైయాయిక పండితుడు మరోసారి, వేరే ఆత్మ లేకుండా దేహంతోనే న్యాయదర్శనం నడవగలదా అని తర్కించి చూపాడు. తన ఇంటి పునాదిని తానే తవ్వి పరీక్షించే ధైర్యం ఎందరికుంటుంది?

ఇప్పుడు పోలిక పేరుతో అమ్ముడవుతున్నది వేరే సరుకు. ఉపనిషత్తు నుంచి ఒక ముక్క, క్వాంటం భౌతికశాస్త్రం నుంచి ఒక ముక్క పీకి అతికించి, మనవాళ్లు ఎప్పుడో చెప్పారని వాట్సాప్‌లో తిప్పడం. లేదా అన్ని మతాలూ ఒకటే చెబుతాయని, ఏ మతం ఏం చెప్పిందో చదవకుండానే ప్రవచనం ఇవ్వడం. టీవీ చర్చల్లో ఆరుగురు ఒకేసారి అరుస్తారు; ఎదుటివాడు ఏమన్నాడో చెప్పమంటే ఆరుగురూ అననుభాషణంలో ఓడిపోతారు. గ్రీకుల దగ్గర మొదలుపెట్టి యూరప్ దాటకుండానే తత్త్వశాస్త్ర చరిత్ర ముగించే పాశ్చాత్య పాఠ్యప్రణాళికల అహంకారమూ దీనికేమీ తీసిపోదు. అక్కడ పూర్వపక్షం వినడానికే నిరాకరణ.

అన్నంభట్టు 'తర్కసంగ్రహం'తో తెలుగునాట శాస్త్రాభ్యాసం మొదలుపెట్టే విద్యార్థులు ఇంకా ఉన్నారు. తిరుపతి సంస్కృత విశ్వవిద్యాలయంలో న్యాయ పండితులున్నారు. విశాఖలో, హైదరాబాదులో ఫిలాసఫీ శాఖలున్నాయి. పుణెలో జరిగిన పని ఇక్కడా జరగాలి. మొదటి రోజు హ్యూమ్ కార్యకారణ విమర్శ. దాన్ని న్యాయ పండితుడే హ్యూమ్ పక్షాన నిలబడి తెలుగులో చెప్పాలి. రెండో రోజు పొగకూ నిప్పుకూ వ్యాప్తి ఎలా తెలుస్తుందన్న నైయాయిక వాదం; దాన్ని ఫిలాసఫీ ఆచార్యుడు చెప్పాలి. ఖండనలు మూడో రోజు నుంచి.