ప్రేమకథలో జీవశాస్త్రజ్ఞుడు

వైద్యుడు మన చలనచిత్రములకు చిరపరిచితుడు. తెల్లని కోటు, మెడలో స్టెతస్కోపు, మనసులో పైకి చెప్పుకొనరాని దుఃఖము ఉన్న చాలును, కథానాయకుడు సిద్ధమైనట్లే. వైద్యునికి దగ్గరి చుట్టమైన జీవశాస్త్రజ్ఞుని మాత్రము తెలుగుతెర అంతగా చేరదీయలేదు. ప్రాణమననేమి, చూపు ఎట్లు పుట్టినది అని ప్రశ్నించువాడు ప్రేమించినచో, అతని శాస్త్రము ఆ ప్రేమకు తోడగునా, అడ్డగునా? దీనినే వస్తువుగా గొన్న అమెరికా చిత్రము ‘ఐ ఆరిజిన్స్’. దానిని మన చిత్రముల సరసన నిలిపి, కోలారు సీమవారి కన్నులతో పరిశీలింపదలచితిమి.

మైక్ కాహిల్ రచించి దర్శకత్వము వహించిన ఈ చిత్రమునకు 2014లో సన్‌డాన్స్ చిత్రోత్సవమున, శాస్త్రవిషయములను చక్కగా చూపిన చిత్రములకిచ్చు స్లోన్ బహుమానము లభించినది. నాయకుడు ఇయాన్ గ్రే కంటి పరిణామమును పరిశోధించు విద్యార్థి. కన్ను ఇంత చక్కని సాధనము గనుక దానిని దేవుడే నిర్మించియుండవలెనను వాదమును, అది మెట్టుమెట్టుగా ఏర్పడిన తీరును చూపి త్రోసిపుచ్చుట అతని పట్టుదల. అతడు సోఫీ అను యువతి కన్నులను చూచి వలచును. ఆమెకు కానరాని లోకముపై నమ్మకము. అతనికి ప్రయోగశాలపై నమ్మకము. పెండ్లాడబోయిన దినముననే ఆమె లిఫ్టు ప్రమాదములో మరణించును. ఏండ్లు గడచిన పిదప, అచ్చముగా ఆమె కనుపాప చుట్టునుండు రంగువలయము వంటిదే ఢిల్లీలోని ఒక అనాథ బాలికకు కలదని తెలిసి, అతడు భారతదేశమునకు వచ్చును.

పోయినవారిని మరియొక ముఖములో చూచుకొనుట మనకు కొత్త కాదు. 1964లో ఆదుర్తి సుబ్బారావుగారు అక్కినేని, సావిత్రి గార్లతోనే ఇట్టి కథలను రెండింటిని తెరకెక్కించిరి. ‘మూగమనసులు’ పూర్వజన్మ ప్రేమను గోదావరి ఒడ్డున మేలుకొల్పినది. అచట పరీక్ష లేదు, సాక్ష్యము అక్కరలేదు. నమ్మకమే కథకు నేల. కోడూరి కౌసల్యాదేవిగారి ‘చక్రభ్రమణం’ నవల ఆధారముగా వచ్చిన ‘డాక్టర్ చక్రవర్తి’లోనో, వైద్యుడు తన మిత్రుని భార్యయందు చనిపోయిన చెల్లెలిని చూచుకొనును. అది పునర్జన్మ యని అతడనడు. అది అతని హృదయముయొక్క ఆకలి. లోకము దానిని అపార్థము చేసికొనుటయే కథ. ఒకటి నమ్మినది, రెండవది ఓదార్పు వెదకినది. ‘ఐ ఆరిజిన్స్’ మూడవ దారి పట్టి, పరీక్షించి చూతమన్నది.

ఆ పరీక్షా ఘట్టమే చిత్రమునకు ప్రాణము. ఇయాన్ ఆ బాలికకు కొన్ని చిత్రములను చూపి, సోఫీ కోరుకొనదగిన వానిని ఆమె ఎంచుకొనునేమో యని లెక్కించును. నూటికి 44 మాత్రమే సరిపోవును. అతని ఆశను నిలబెట్టుటకది చాలదు. ప్రేమించినవాడు తన ప్రేమకే వ్యతిరేకముగా అంకెలు వ్రాసికొనుట కంటె గొప్ప త్యాగము ఏ ప్రేమకథలో నున్నది? కాని దర్శకుడు అంతటితో ఆగలేదు. లిఫ్టు తలుపు తెరచుకొనగానే బాలిక భయకంపితయై అతనిని కరచుకొనును. అతడామెను ఎత్తుకొని మెట్లమీదుగా వెలుగులోనికి నడచును. హృదయము కరగకపోదు. అయినను, ఒక్క పసిబిడ్డ భయము అన్ని ప్రశ్నల ఫలితమును త్రోసిరాజనుట ప్రేమకు న్యాయమే గాని శాస్త్రమునకు న్యాయము కాదు. ‘మూగమనసులు’ రుజువు చూపెదనని ఎన్నడును అనలేదు గనుక మాట తప్పలేదు. ఈ చిత్రము రుజువును తానే కోరి, రుజువు రాని చోట కన్నీటిని నిలిపినది.

అంతకంటె పెద్దలోపము వేరొకటి కలదు. కథలో అసలు అన్వేషణ చేసినది ఇయాన్ కాదు, అతని ప్రయోగశాలలో పనిచేయు కారెన్. కంటి నిర్మాణమునకు మూలమైన పాక్స్ 6 అను జన్యువు కన్నులేని ప్రాణిలో ఎచటనైన కలదాయని వేలకొలది జీవుల పట్టికలను వడపోసి, ఒక గ్రుడ్డి పురుగును పట్టినది ఆమె. ఆ జన్యువు కల్పితము కాదు. 1995లో వాల్టర్ గేరింగ్ బృందమువారు ఎలుక జన్యువును పండ్లయీగలో పనిచేయించినప్పుడు, కన్నులుండరాని చోట్ల కన్నులు మొలచినవి. అవియు ఎలుక కన్నులు కావు, ఈగ కన్నులే! ఇంతటి అద్భుతమును చేతబట్టుకొనియు, దర్శకుడు కారెన్ శ్రమను కొద్ది నిమిషములలో ముగించి, సంగీతమును, వెన్నెలను సోఫీకే ధారపోసెను. ప్రేమ ఒకరికి, పని మరియొకరికి! వెదకుట కూడ ప్రేమయే యను సంగతి ఆయనకు తట్టలేదు.

మన ఊరివారికి ఆ సంగతి తెలియును. 1965లో చాంపియన్ రీఫ్ గనిలో, ఏడువేల అడుగులకు మించిన లోతున, భారత, జపాను, బ్రిటిషు శాస్త్రజ్ఞులు న్యూట్రినోల జాడకై చీకటిలో కాచుకొనియుండి దానిని కనుగొనిరి. 2001లో గనులు మూతపడినవి. ‘కె.జి.ఎఫ్.’ చిత్రము 2018లో మన ఊరి పేరును దేశమంతట మారుమ్రోగించినది గాని, అందులో బంగారము, నెత్తురు తప్ప ఈ ఓపిక కానరాదు.

జీవశాస్త్రమునకును మన జిల్లాలో కథ కలదు. 1994లో శాస్త్రజ్ఞులు ఒక కొత్త జాతి గబ్బిలమును గుర్తించి లోకమునకు తెలిపిరి. నేడది కోలారు గబ్బిలముగా ప్రసిద్ధము. తెరహళ్ళి గుహలో అది అంతరించి, హనుమనహళ్ళి గుహలో మాత్రమే మిగిలినది. అవియు రెండువందలకు మించవు. గ్రానైటు త్రవ్వకము వాని నీడను సైతము కొల్లగొట్టుచుండగా, ఉస్మానియా విశ్వవిద్యాలయ పరిశోధకులు రాత్రులు కాచి వానిని లెక్కించిరి. 2019లో ఆ గుహల చుట్టునున్న 30 ఎకరములకు రక్షణ ఏర్పడినది.

‘గబ్బిలం’ కావ్యములో జాషువాగారు లోకము అశుభమన్న ఆ ప్రాణినే ఆప్తబంధువుగా జేసి, కాశీనాథునికి సందేశమంపిరి. ఆ కావ్యమును చదివిన జాతికి గుహవాకిట లాంతరు పట్టుకొని ఒక్కొక్క రెక్కను లెక్కించు ఇరువురి ప్రేమకథను వ్రాయుట అసాధ్యము కాదు. అందు నాయిక కారెన్ వలె ప్రక్కకు నెట్టబడక, లెక్క తప్పినచోట తప్పినదని చెప్పగలిగినదై యుండవలెను. అట్టి కథను వ్రాయు కలము మన బిడ్డలలోనే పుట్టునేని, ఆ చిత్రమును చూచుటకు మొదటి వరుసలో మనమే కూర్చుందుము.