మఱచిపోదగిన వేషము

ఉద్యోగార్థియై పరీక్షకుల యెదుట నిలువబోవు పట్టభద్రునకు వేషభాషలను గూర్చి హితవు చెప్పువారు లోకమున కొల్లలుగా నున్నారు. ఫలానా రంగు చొక్కా శుభమని యొకరు, టై కట్టనిదే గౌరవము దక్కదని మఱియొకరు, బూట్ల వెల చూచియే మనుష్యుని తూకము వేయుదురని వేఱొకరు చెప్పగా విని, ఆ పిల్లవాడు తండ్రి పంపిన నెల ఖర్చులో సగము బట్టల దుకాణమున ధారపోసి వచ్చుచున్నాడు. నా మతము వీరందఱి మతమునకు భిన్నము. ఇంటర్వ్యూకు పోవువాని వేషము, అతడు గదిలో అడుగిడి కుర్చీలో కూర్చున్న పిమ్మట ఎవ్వరికిని జ్ఞప్తికి రానిదై యుండవలెను. ఎదుటివారికంటె ముందుగా ధరించినవాడే దానిని మఱచిపోవలెను.

హైదరాబాదులో అమీర్‌పేట మైత్రీవనం పరిసరములలో సాయంకాలము నడచువారు ఈ సంగతి పుస్తకములలో చదువ నక్కఱలేదు. కోచింగు సెంటర్ల బోర్డులు మేడల నిండ వ్రేలాడు ఆ సందులలో, రెండు తెలుగు రాష్ట్రముల మూలమూలలనుండి వచ్చిన యువతీయువకులు హాస్టలు గదులలో ముగ్గురు నలుగురుగా సర్దుకొని, కొలువు కొఱకు నిరీక్షించుచుందురు. అట్టి గదులలో పెక్కింట అందఱికిని కలిపి ‘ఇంటర్వ్యూ చొక్కా’ యొకటి యుండుట నేనెఱుగుదును. పిలుపు వచ్చినవాడు అది తొడుగుకొని పోవును. ఆ స్నేహధర్మము మెచ్చదగినదే. కాని బిగిసిన కాలరును వ్రేలితో వదులు చేసికొనుచు, మణికట్టు వఱకు చాలని చొక్కా చేతులను మాటిమాటికి క్రిందికి లాగుకొనుచు కూర్చున్నవాని బుద్ధి అడిగిన ప్రశ్నమీద నిలుచుట యెట్లు? అంగడినుండి నేరుగా వచ్చిన క్రొత్త బట్టలకును ఇదే దోషము. మడత గీతలు పోని చొక్కా, మడమ కొఱుకు బూటు, ఇంకను మెత్తబడని బెల్టు క్షణక్షణము తమ ఉనికిని జ్ఞాపకము చేయుచుండును. కావున క్రొత్తవి కొనక తప్పనిచో, పిలుపు రాకముందే కొని, నాలుగు పర్యాయములు తొడిగి, ఉతికి, దేహమునకు అలవాటు చేసికొనుట వివేకము.

బట్టలను సిద్ధపఱచు విద్యలో నాకు మిక్కిలి ప్రీతికరమైన అంగము ఇస్త్రీ. నూలు చొక్కాపై నీరు చిలకరించి, చుట్టగా చుట్టి కొంతసేపుంచి, తేమ సమముగా ప్రాకిన పిదప పెట్టె నానించినచో ముడుత నిలువదు. మొదట కాలరును లోపలివైపున, కొనలనుండి నడుమకు రుద్దవలెను. నడుమనుండి కొనలకు రుద్దినచో బట్ట కొనయందు పోగై అందఱికిని కనబడుచోటనే ముడుత పడును. పిదప భుజములు, కఫ్‌లు, చేతులు, గుండీల ప్రక్క, వీపు, ఈ క్రమమున సాగినచో ఒకసారి చదునైన భాగము మరల నలుగదు. టెరికాటునకు వేడి తగ్గింపవలెను. గాంధీమహాత్ముడు దక్షిణాఫ్రికాలో బారిస్టరుగా నుండగా చాకలి ఖర్చు తగ్గించుకొనుటకై ఈ పనిని స్వయముగా నేర్చిన వృత్తాంతమును ఆత్మకథలో వ్రాసికొన్నాడు. తాను గంజి పెట్టిన తొలి కాలరుతో న్యాయస్థానమునకు పోగా, గంజి యెక్కువై, పెట్టె వేడి చాలక, కాలరునుండి గంజి రాలుట చూచి తోడి బారిస్టర్లు నవ్విరి. ఆయన చలింపక ఆ పనిలో ఆఱితేరెను. 1912లో అచ్చటికి వచ్చిన దేశనాయకుడు గోఖలే, తన గురువగు రానడే బహూకరించిన ఉత్తరీయమును విందునకు ధరింపదలచి, దానిని గాంధీచేతి ఇస్త్రీ కిచ్చుటకు మొదట సందేహించి, పని ముగిసిన పిమ్మట మెచ్చుకొనెను. నిరాడంబరజీవనమునకును వస్త్రశుభ్రతకును వైరము లేదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల?

దేహసంస్కారము విషయమునను సూత్రమిదియే. క్షవరము ఇంటర్వ్యూ నాటి ఉదయమున గాక నాలుగైదు దినములు ముందుగా చేయించుకొన్నచో తల సహజముగా కుదురుకొనును. గడ్డము పెంచువాడు అంచులు దిద్దుకొనవలెను. గీసికొనువాడు ఆనాడే గీసికొనవలెను. గోళ్లు కత్తిరించుట, మేజోళ్లు ఉతుకుట, బూట్లకు ముందటి రాత్రియే పాలిష్ పట్టించి ఉదయమున పొడిగుడ్డతో తుడుచుట బీదవానికిని అందుబాటులోని పనులే. తలుపులు మూసి ఏసీ వేసిన గదిలో ఘాటైన అత్తరు పరీక్షకునకు తలనొప్పి తెచ్చును. స్నానమును, ఉతికిన బనియనును చాలును. అమ్మాయిలు చీర కట్టినను, చుడీదారు వేసికొన్నను, చెఱగో చున్నీయో జాఱకుండ పిన్ను పెట్టుకొని, చప్పుడు చేయు గాజులను ఇంట నుంచినచో వారి ధ్యాస చెదరదు. 2019లో అమీర్‌పేటనుండి హైటెక్ సిటీకి మెట్రో నడచుట మొదలైన నాటినుండి చెమట బాధ కొంత తగ్గినది. బస్సులో నిలుచుండి పోవువారు మాత్రము అరగంట ముందుగా చేరి, ముఖము కడిగికొని, తల దువ్వుకొని, చెమట ఆఱిన పిదప లోనికి పోవుట మేలు.

మేనిరంగునకు ఈ పట్టికలో స్థానము లేదు. తెల్లబడినచో కొలువు దొరకునని వ్యాపారప్రకటనలు మన పిల్లలకు చిరకాలము నూఱిపోసినవి. ఆ క్రీములలో ప్రసిద్ధమైన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో తన పేరునుండి ‘ఫెయిర్’ను తొలగించుకొని గ్లో అండ్ లవ్లీ యైనది. అమ్మినవారే విడిచిన మాటను కొన్నవారు పట్టుకొని వ్రేలాడుట తగదు.

పరీక్షకులకొక విన్నపము. శుభ్రతను చూడుడు, వెలను చూడకుడు. అంచు అరిగిన కాలరునైనను ఉతికి ఇస్త్రీ చేసికొని వచ్చినవాడు, చేతనున్న కొద్దిపాటి సాధనములను చక్కగా వాడుకొననేర్చినవాడు. ఏ కార్యాలయమునకైనను కావలసిన గుణమది. పట్టభద్రులారా, ముందటి రాత్రి ఒక గంట మీ బట్టలకు కేటాయింపుడు. తెల్లవాఱిన తరువాత వాని ఊసెత్తకుడు. ఆ గదిలో మీరు చూపవలసినది మీరు చదివిన చదువు.