ఆంగ్లవాచకములలోని ఇల్లు

ఇంగ్లీషు నేర్చుకొను బాలుని చేతికి ముందుగా వచ్చు పాఠములలో ఇంటిని గూర్చిన పాఠ మొకటి. ఆ పుట యెట్లుండునో చదువరు లెరుగుదురు. ముందరి గోడ తీసివేసిన బొమ్మరిల్లువలె ఒక ఇల్లు చిత్రింపబడి యుండును. మేడమీద పడకగదియు స్నానపుగదియు, క్రింద కూర్చుండు గదియు వంటగదియు కనబడును. ఒక్కొక్క వస్తువునుండి ఒక్కొక్క గీత బయలుదేరి ఒక్కొక్క మాటను చేరును: బెడ్, పిల్లో, కర్టెన్, సోఫా, సింక్, టవల్. విద్యార్థి యా మాటలను పదేసి మారులు వ్రాయును. మరునాడు ఉపాధ్యాయుడు చెప్పి వ్రాయించును, తప్పులు దిద్దును, అంతటితో ఇల్లు ముగియును. ఏండ్ల తరబడి ఈ పాఠమును చెప్పుచున్న మేము దానినొక రచనగా నెంచి గుణదోషములను విచారింప దలచితిమి. చిన్న పాఠమునకు ఇంత విమర్శ యేల యనరాదు. ఏ భాషకైనను ఇల్లే తొలిమెట్టు. అచ్చట పడిన వంకర తుదిదాక విడువదు.

ఈ పద్ధతి నిన్న పుట్టినది కాదు. 1658లో కొమేనియసు పండితుడు నూరెంబర్గు నగరమున ప్రకటించిన 'ఆర్బిస్ పిక్టుస్' అను చిత్రగ్రంథము దీనికి పెద్ద. అందు లాటినును జర్మనును ప్రక్కప్రక్కనే నడచును. బొమ్మలోని వస్తువులకు అంకెలు వేసి యుండును. మరుసటి యేడే చార్లెసు హూలు దానిని ఇంగ్లీషులోనికి తెచ్చెను. ఆ గ్రంథమునకును మన వాచకములకును గల భేదమును గమనింప వలెను. కొమేనియసు వేసిన అంకెలు ఒంటరి మాటల ప్రక్కన నిలువవు. వాక్యముల నడుమ వచ్చును. గదిలో ఏది యెందుకున్నదో, దానితో నెవరేమి చేయుదురో చెప్పుచు, ఆ చెప్పుటలోనే పేర్ల నందించును. మరియొక విశేష మేమనగా, ఆయన చూపిన ఇల్లు ఆయన దేశపు బాలుని ఇల్లే. చలిదేశము గనుక పొయ్యితో వెచ్చచేసిన గది యందున్నది. లాటిను పరభాష, ఇల్లు మాత్రము స్వగృహము. మన వాచకకర్తలు ఆయననుండి బొమ్మను గ్రహించి వాక్యమును విడిచిరి. పరభాషతోపాటు పరగృహమును గూడ తెచ్చిపెట్టిరి.

మన పూర్వులును మాటల పట్టికలనే వల్లింపలేదా యని కొందరడుగవచ్చును. నిజమే. అమరసింహుని కోశమున పురవర్గమునందు ఇంటికి, గడపకు, కిటికీకి, వాకిటి పంచకు పేర్లున్నవి. వంటయింటి పేర్లు వైశ్యవర్గమున నున్నవి. వానిని బాలురు కంఠస్థము చేసిరి. అయితే అమరము శ్లోకబద్ధము. మాటతోపాటు దాని లింగమును గూడ తెలుపును. అంతకంటె ముఖ్యమైన దేమనగా, అమరము చదివినవాడు అచ్చటనే నిలువక కావ్యములలోనికి పోయెను. నేర్చిన మాట కచ్చట పని దొరకెను. కావ్యము చదువుటకే అమరము. మన వాచకములోని పట్టికకు అట్టి ముందు నడక యేదియు లేదు. సింక్ అను మాట నేర్చిన బాలుడు దానితో నేమి చెప్పవలెనో మరుసటి పుట చెప్పదు.

ఇక చిత్రములోని ఇంటిని జూతము. పొగగొట్టము, చలిమంట గూడు, గోడనుండి గోడకు పరచిన తివాసి, వాలు కప్పు క్రింది అటకగది: ఇవి కొన్ని వాచకములలో నేటికిని కనబడుచున్నవి. మన దేశపు ఇండ్లలో నున్న వసారా, అరుగు, పెరడు, మండువా, దూలము, వాసము, దీపపుగూడు, ఉట్టి, రోలు, తిరుగలి వానిలో కానరావు. ఇంటినడుమ ఆకాశమునకు తెరచిన మండువాలో వాన పడుచుండగా నాలుగువైపుల వసారాలలో పనులు సాగు లోగిలిని ఇంగ్లీషున వర్ణింపుమన్నచో పట్టభద్రులును తడబడుదురు. మాటలు లేక కాదు. ఆ మాటలతో తమ ఇంటిని చెప్పుమని వారి నెవరును ఎన్నడు నడుగలేదు.

చిత్ర మేమనగా, ఇంగ్లీషు భాషకు మన ఇంటివలన సిగ్గు లేకపోయెను. వరండా, బంగళా అను మాటలను ఆ భాష ఈ దేశమునుండియే తీసికొనిపోయెను. వారి 'కాట్' మన హిందూస్థానీ 'ఖాట్'. మూడు కాళ్ల బల్లకు పేరైన 'తిపాయి' వారి నోట 'టీపాయ్' అయి, తేనీటి గిన్నె నుంచు బల్ల యన్న భ్రమను కల్పించినది. 1886లో యూలు, బర్నెలు పండితులు ప్రకటించిన 'హాబ్సన్ జాబ్సన్' నిఘంటువు నిండ ఇట్టి మాటలే. మనము నట్లే చేసితిమి. కుర్చీ అరబ్బీనుండి వచ్చెను; అలమర, తువాలు పోర్చుగీసు వారివలన వచ్చెను. ఈ మాటలను మన ముత్తవ్వలు పట్టిక వ్రాసికొని నేర్వలేదు. వస్తువు వాకిట దిగెను, మాట దానితో లోనికి వచ్చెను, పని దానిని నిలిపెను. ఇంటిమాటలు భాషలో చేరు దారి ఇదియే. బాలుని నోటికి చేరు దారియు ఇదియే.

ఇంటికి వచ్చిన మాట అర్థము మార్చుకొనుటయు కలదు. ఇంగ్లండు ఇండ్లలో 'హాల్' అనగా సామాన్యముగా వీధితలుపు తీయగానే వచ్చు నడవ. మన పట్టణములలో హాలనగా అందరు కూర్చుండు పెద్దగది. రెండు పడకగదులు, ఒక హాలు, ఒక వంటగది కలిపి మూడక్షరముల సంకేతముగా ఇండ్ల ప్రకటనలలో వ్రాయుచున్నారు. 2015 మొదలు తెలంగాణమున బీదల గృహనిర్మాణ పథకము పేరుతో 'డబుల్ బెడ్‌రూం' అను మాట బడి మెట్లెక్కని ముసలివారి నోటను నిలిచినది. ఇట్లు మాట ఒకటియై అర్థము రెండైనపుడు, భేదమును తెలుపుట వాచకకర్తకు విధి. బొమ్మనుండి గీత గీచినంతమాత్రమున ఆ భేదము తెలియదు.

ఇంతకంటె పెద్ద లోపము వేరొకటి కలదు. ఈ పాఠము నిండ నామవాచకములే. క్రియ యొక్కటియు లేదు. కాని ఇంటిలోని కష్టమంతయు క్రియలలోనే యున్నది. తెలుగున మనము తలుపు వేయుదుము, గొళ్లెము వేయుదుము, పక్క వేయుదుము, పీట వేయుదుము, ముగ్గు వేయుదుము. నేడు లైటును ఫానును గూడ వేయుచున్నాము. ఒక్క క్రియ ఇల్లంతయు తిరిగి చాకిరి చేయుచున్నది. ఇంగ్లీషున తలుపునకు 'షట్', పక్కకు 'మేక్', ఫానునకు 'స్విచ్ ఆన్' కావలెను. మరియు తలుపు వేసిన మూసికొనును, ఫాను వేసిన తిరుగును! ఈ వింతను ఎవరును విప్పి చెప్పనందున పట్టిక యంతయు వల్లించిన బాలుడు 'పుట్ ది ఫాన్' అనును, 'ఓపెన్ ది లైట్' అనును. 'మేక్ ది బెడ్' అన్న వాక్యము కనబడినచో వడ్రంగి మంచము చేయుచున్నాడని తలచును. అట్లే మనము ఊడ్చుట, తుడుచుట, అలుకుట, తోముట, ఉతుకుట అని వేరువేరుగా చెప్పు పనులన్నిటికిని వానికి తెలిసిన దొక్క 'క్లీన్' మాత్రమే. ఇంగ్లీషున 'స్వీప్', 'వైప్', 'స్క్రబ్', 'వాష్' అను భేదము లుండియు వానికి అందలేదు. ఫాను పేరు తెలిసియు ఫాను వేయుమని చెప్పలేనివానికి ఆ పేరెందుకు?

పై లోపములు భాషకు సంబంధించినవి. మనసునకు సంబంధించిన దొకటి మిగిలినది. పాఠము చివర 'మీ ఇంటిలో పడకగదులెన్ని?' అను ప్రశ్న యుండును. మేము దిద్దిన వ్రాతపుస్తకములలో ఒక బాలిక 'మూడు' అని వ్రాసియుండెను. ఆమె తలిదండ్రులు కూలిపనికి పోవువారు; వంటయు పడకయు చదువును ఒక్క గదిలోనే. ఆమె అబద్ధమాడు పిల్ల కాదు. తన ఇంటిని ఉన్నదున్నట్లు చెప్పిన ఇంగ్లీషు తప్పగునని భయపడినది. వాచకములో అట్టి ఇల్లు లేదు గనుక ఆ భయము సహజమే. వ్యాకరణము తప్పిన దిద్దవచ్చును. తన ఇల్లే తప్పని బాలిక మనసున నాటినచో ఏ ఎఱ్ఱసిరాతో దిద్దగలము?

పరదేశమునకు పోవువారికి పరదేశపు ఇంటిమాటలు అక్కరలేదా యని ఆక్షేపింపవచ్చును. తప్పక కావలెను. చలిమంట గూడును నేలమాళిగయు గల ఇండ్లను గూర్చి చదువక ఆంగ్లకథలు బోధపడవు. అమెరికాలో కాపురముండు తెలుగువారికి అవి నిత్యావసరములు. కాని వానిని ఇతరుల ఇండ్లుగా, రెండవ పాఠముగా చెప్పవలెను. స్వగృహమును చెప్పగలిగినవాడే పరగృహమును భేదముతో గ్రహించును.

కావున మా సూచనలు నాలుగు. పాఠమునకు ముందు విద్యార్థులను తమతమ ఇండ్లలోని వస్తువుల తెలుగుపేర్లను వ్రాసి తెండని చెప్పవలెను. గది యనువారును అర్ర యనువారును ఒకే పలకమీదికి వత్తురు, మరుగుపడుచున్న మాటలు తేరుకొనును. రెండవది, ఏ నామవాచకమును క్రియ లేకుండ నేర్పరాదు. వస్తువు పేరుతోపాటు దానితో చేయు పనిని చెప్పింపవలెను. మూడవది, ఉట్టి, అరుగు, ముగ్గు వంటి మాటలకు సరియైన ఇంగ్లీషు లేదని విడువక, ఆ మాటనే యుంచి, అది యేమో ఒక వాక్యమున ఇంగ్లీషులో చెప్పుమనవలెను. పాలు పెరుగుల కుండలను పిల్లి కందకుండ దూలమునకు వ్రేలాడదీయు త్రాళ్ల అల్లిక యని చెప్పగలిగిన బాలుడు నూరు మాటలు వల్లించినవానికంటె ఎక్కువ ఇంగ్లీషు నేర్చినట్లు. నాలుగవది, పడకగదుల లెక్క నడుగు ప్రశ్నను తీసివేసి, 'మీ ఇంటిలో రాత్రి ఎవరెక్కడ నిద్రింతురు?' అని యడుగవలెను. దీనికి ఒక్కగది ఇంటినుండియు చక్కని సమాధానము వచ్చును.

ఆంధ్రప్రదేశమున 2020-21 విద్యాసంవత్సరము మొదలు ప్రభుత్వ పాఠ్యపుస్తకములను ఒకవైపు తెలుగును ఒకవైపు ఇంగ్లీషును ఎదురెదురుగా అచ్చొత్తిరి. కొమేనియసు నడిపిన జంటపుటయే మరల మన బడికి వచ్చినది. ఇంగ్లీషు మాధ్యమము మేలా కీడా యను వాదమును ఇచ్చట మేము తలపెట్టము. ఏ మాధ్యమమున చదివినను ఇంటిపాఠము తప్పదు గదా. ఎదురెదురు పుటలలో ఒకదానిపై మన వసారాయు రెండవదానిపై దానిని చెప్పు ఇంగ్లీషు వాక్యములును ఉండవలెనని మాత్రమే మా మనవి. వాచకములు వ్రాయు పండితులు కలము పట్టుటకు ముందు ఒక దినము పల్లెటూరి ఇంటిలోను, ఒక దినము పేటలోని ఒంటిగది ఇంటిలోను గడపి, అచ్చటి పిల్లలు ఉదయమునుండి రాత్రివరకు చెప్పుకొను మాటల నాలకింతురుగాక.