పోస్ట్‌ఫిక్స్ మెయిల్ సర్వరులో డైరెక్టరీ విచారణ : ఒక విమర్శ

వీట్సె వెనెమా ఐ.బి.ఎం. పరిశోధనశాలలో నిర్మించిన పోస్ట్‌ఫిక్స్ 1998లో వెలువడినది. తపాలా కచేరీలో జాబులను వేరుపరచు ఉద్యోగి పనినే యీ మెయిల్ సర్వరు చేయుచున్నది. గ్రహీత యున్నాడా, ఉత్తర మెక్కడికి చేరవలెను అని పట్టికలను విచారించి తెలిసికొనును. ఆ పట్టిక తన డిస్కుపైని ఫైలు కావచ్చును; వేరొక యంత్రముపై నున్న ఎల్‌డాప్ డైరెక్టరీయు కావచ్చును. రెంటిని పేర్కొను తీరు ఒక్కటే. ఈ ఏకరూపత మెచ్చదగినదే. కాని దోషబీజము దానియందే కలదు.

ఫైలులో వెదకుట మైక్రోసెకండ్ల పని. దూరపు డైరెక్టరీనుండి జవాబు వచ్చుటకు మిల్లీసెకండ్లు పట్టును. వ్రాతలో నొక్కటిగా కనబడు రెండు పట్టికలకు వ్యయమున ఇంత వ్యత్యాసము! పైగా ఒక చిరునామాకు ఒక ప్రశ్న యనుకొనుట భ్రమ. వర్చువల్ ఎలియాస్ పట్టికలో మొదట పూర్తి చిరునామా అడుగబడును. దొరకనిచో, స్థానిక డొమైనైనపుడు ఒంటి పేరు. ఆపై పేరు లేని డొమైను. కూడిక గుర్తుతో పేరునకు అనుబంధము చేర్చు ఆచారమున్నచో ప్రశ్నలు ఇంకను పెరుగును.

సమూహముల విషయ మంతకంటె విచారింపదగినది. ఒక సంఘమువారు 500 మంది సభ్యులకు ఒక సమూహనామ మేర్పరచి, దాని పద్దులో సభ్యుల చిరునామాలకు బదులు వారి పద్దుల నామములనే వ్రాసిరనుకొందము. సమూహమునకు ఒకటి, సభ్యునికి ఒకటి చొప్పున 501 ప్రశ్నలగును. అంతటితో తీరదు. లభించిన ప్రతి చిరునామాయు మరల ఆ పట్టికలోనే వెదకబడును. ఒక్క ఆహ్వానపత్రమున కింత పరిశ్రమ! ఆలస్యమైనపుడు నింద మాత్రము డైరెక్టరీపై పడును. చిరునామా అంశమునకు ఇండెక్సు లేనిచో ఆ నింద కొంత న్యాయమే.

నివారణోపాయము లేకపోలేదు. ఎల్‌డాప్ పట్టిక అమరికలో డొమైన్ అను అంశమునకు స్వకీయ డొమైనులను వ్రాసినచో ఒంటి పేర్లు, పేరు లేని డొమైనులు, పరాయి డొమైనుల చిరునామాలు డైరెక్టరీదాక పోవు. దీనివలన భారము మిక్కిలి తగ్గునని మాన్యువలు చెప్పుచునే యున్నది. కాని పెక్కు అంశముల నడుమ నొకటిగా చెప్పినది. వ్రాయని వానికి హెచ్చరికయు లేదు. ఇది గ్రంథకర్తల లోపమే. 2.0 కూర్పుతో వచ్చిన ప్రాక్సీమ్యాప్, ప్రతి ప్రాసెసును వేరువేరుగా డైరెక్టరీతో సంబంధము తెరువకుండ, కొద్ది సంబంధములనే అందరికి పంచును. ఇది ప్రశ్నల సంఖ్యను తగ్గించదని గుర్తింపవలెను.

డైరెక్టరీ పలుకనపుడు పోస్ట్‌ఫిక్స్ చూపు వివేకము శ్లాఘనీయము. గ్రహీత లేడని ఉత్తరమును త్రోసివేయదు. తాత్కాలిక లోపముగా నెంచి, మరల ప్రయత్నింపుమని పంపినవారికి తెలుపును. అయితే అమరిక మార్చనిచో ఆ నిరీక్షణ 10 సెకండ్లు. ఉత్తరములు స్వీకరించు ప్రాసెసుల గరిష్ఠసంఖ్య, మార్చనిచో, 100. ఆ నూరును జవాబుకై కాచుకొని యుండగా, నూటయొకటవ ఉత్తరము ద్వారముకడనే నిలిచిపోవును.